కాకకు దారి

బాగలూరు అంగళ్ళలో ఫెర్రిక్ క్లోరైడు కావాలని అడిగితే రోజాతోటకు కొట్టే కొత్త మందేమో అనుకుంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. హోసూరు నుంచి వచ్చి బాగలూరు దాటి బేరికి దారి పట్టారంటే రెండు పక్కలా ప్లాస్టిక్ పందిళ్ళు, వాటి కింద రోజాలు. పందిరి లేని చోట క్యాబేజీ, కొత్తిమీర, టమాటా. ఇక్కడ మందంటే మొక్కల మందే. రాగి రేకును తినేసే మందు కావాలంటే బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు పోవాల్సిందే. ఆ సందుల్లో భుజం పక్కకు తిప్పుకుంటే తప్ప నడవలేం గానీ, కంటికి ఆనని రెసిస్టరు నుంచి పాత రేడియో ట్రాన్స్‌ఫార్మరు దాకా ఏది అడిగినా అంగడి పిల్లవాడు ఎక్కడికో పరిగెత్తి తెచ్చిస్తాడు. గోధుమరంగు గడ్డలు ఒక ప్లాస్టిక్ సంచిలో, రాగి బోర్డు ముక్కలు ఇంకో సంచిలో వేసుకుని అత్తిబెలె మీదుగా ఇల్లు చేరితే నాకు నెల రోజులకు సరిపడా పని.

నా బతుకుతెరువు బోరు మోటార్ల వైండింగు. టార్చిలైట్లు చేయడం ఇంట్లోవాళ్ళ లెక్కలో పిచ్చి, నా లెక్కలో ఆదివారం. అయిదు వందలు పారేస్తే అంగట్లో దొరికే వస్తువును కూర్చుని చేయడమేమిటని అడిగేవాళ్ళకు నేను అంగట్లో లైటు డబ్బానే చూపిస్తాను. దానిమీద లక్ష ల్యూమెన్లని అచ్చేసి ఉంటుంది. మంచి ఎల్‌ఈడీ వాటుకు వంద ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. అప్పుడు లక్షకు వెయ్యి వాట్లు కావాలి. లోపల ఉన్నది ఒక్క 18650 సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. అది నిండా ఉన్నా దాచుకోగలిగింది పది పన్నెండు వాట్ అవర్లు. అంటే డబ్బా మీది మాట నిజమైతే ఆ లైటు నిమిషం లోపే ఆరిపోవాలి. సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ అని ఇంకో అబద్ధం. నిఖార్సయిన సెల్లు మామూలుగా 3,500 ప్రాంతంలోనే ఆగిపోతుంది. ఇన్ని అబద్ధాలు కొనుక్కోవడం కన్నా వెయ్యి ల్యూమెన్ల నిజాన్ని చేసుకోవడం నయం.

ఆ లైటు ఎవరికంటే, రాగుల చేను కాచేవాళ్ళకు. చలి మొదలై రాగులు వెన్ను పట్టి పండే వేళకు బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగులు దిగుతాయి. జవళగిరి, తళి, డెంకణికోట అడవుల మీదుగా సానమావు దాకా వస్తాయి. ఏడాదేడాదీ ఉన్నదే. పగలంతా అడవిలో ఉండి చీకటి పడ్డాక చేలలోకి దిగుతాయి. అటవీశాఖవాళ్ళు టపాసులు పేల్చి తోలుతారు. రైతు మాత్రం మంచె మీద రాత్రంతా మేలుకునే ఉండాలి. తళి దిక్కున మా పెద్దమ్మ కొడుక్కు రెండెకరాల రాగుల చేను. మా నాయనల కాలంలో వాళ్ళ చేతిలో మూడు బ్యాటరీల ఇత్తడి టార్చి ఉండేది. దాని బల్బు ఇచ్చేది పదో ఇరవయ్యో ల్యూమెన్లు. గట్టు దాకా కనిపిస్తే అదే గొప్ప.

ఆ పది ఇరవై నుంచి వెయ్యికి రావడానికి పట్టిన కాలం మనిషి వయసంత కూడా లేదు. కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లో వెలిగించాడు. తెల్ల వెలుగు రావాలంటే నీలం కావాలి. ఆ నీలం ముప్ఫై ఏళ్ళు చిక్కలేదు. జపానులో నిచియా కంపెనీలో షూజీ నకమూరా 1993లో బాగా వెలిగే నీలాన్ని బయటికి తెచ్చాడు. దానిమీద పసుపుపచ్చ ఫాస్ఫరు పూస్తే తెలుపు వచ్చింది. అకసాకి, అమానోలతో పాటు అతనికి 2014లో నోబెల్ ఇచ్చారు. నాబోటివాళ్ళకు మాత్రం పండగ 2010 చివర్లో వచ్చింది. క్రీ కంపెనీ ఎక్స్‌ఎం-ఎల్ అని ఒక ఎల్‌ఈడీ తెచ్చింది. 5 మిల్లీమీటర్ల చదరం, 3 యాంపియర్లు తాగుతుంది, దగ్గరదగ్గర వెయ్యి ల్యూమెన్లు ఇస్తుంది. తర్వాత దానికన్నా పెద్దవి ఎన్నో వచ్చాయి గానీ నా చెయ్యి దీనికే అలవాటు.

ఇక అసలు సంగతి. 3 యాంపియర్లు, 3.3 వోల్టులు, కలిపి పది వాట్లు. అందులో వెలుగుగా బయటికి పోయేది మూడో వంతు. మిగిలిన ఏడు వాట్లు వేడి. పాత బల్బు తన వేడిని చాలావరకు వెలుగుతో పాటే ముందుకు విసిరేసేది, పట్టించుకోవాల్సిన పని ఉండేది కాదు. ఎల్‌ఈడీ ముందుకు వెలుగే ఇస్తుంది, వేడినంతా అడుగుకు దించుతుంది. అంత చిన్న చదరం కింద ఏడు వాట్లు దిగుతూ ఉంటే కింద ఏముందన్నదే ప్రశ్న.

మా వీధి చివర ఒక మామ ఉన్నాడు. హోసూరులో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. సిప్కాట్ వచ్చినప్పటి తరం. మడక వదిలి మైక్రోమీటరు పట్టినవాళ్ళు. ఎలక్ట్రానిక్సు అంటే ఆయనకు చిరాకు, ఆకురాయి పడితే మాత్రం రెండు ఇనుప ముక్కల మధ్య వెలుతురు దూరనివ్వడు. నేను కాగితం మీద బోర్డు బొమ్మ గీస్తుంటే ఒకసారి పక్కన కూర్చున్నాడు. ప్లస్సు ఇటు నుంచి, మైనస్సు అటు నుంచి, మధ్యలో ఎల్‌ఈడీ అని వివరించాను. 3 యాంపియర్లకు మామూలు 35 మైక్రాన్ల రాగి గీత మిల్లీమీటరున్నర వెడల్పు ఉండాలని, నేను రెండున్నర పెట్టానని కూడా చెప్పాను. అంతా విని, "అల్లుడా, కరెంటుకు దారి ఎవడైనా గీస్తాడు. కాకకు దారేదీ?" అన్నాడు.

కింద అల్యూమినియం ముక్క ఉందిలే మామా అన్నాను. బోర్డును వేళ్ళతో తిప్పి చూసి, "ఈ అట్ట దాటి కదా అది అల్యూమినియం చేరల్ల. చెరువు కట్టేవాడు ముందు మరవ ఎక్కడ పెట్టల్లో చూస్తాడు, కట్ట తర్వాత పోస్తాడు" అన్నాడు.

ఆ రాత్రి లెక్క వేశాను. మామూలు సర్క్యూట్ బోర్డు గాజునార, ఎపాక్సీ కలిపిన అట్ట. వేడి దానిగుండా నడవడానికి ఒప్పుకోదు. దాని వాహకత 0.3, రాగిది దగ్గరదగ్గర 390. అంటే వెయ్యి రెట్లకు పైగా తేడా. 20 మిల్లీమీటర్ల గుండ్రటి బోర్డు, 1.6 మిల్లీమీటర్ల మందం, వేడి బోర్డంతా సమానంగా పరుచుకుంటుందని ఉదారంగా అనుకున్నా వాటుకు 17 డిగ్రీలు పెరుగుతుంది. ఏడు వాట్లకు 120 డిగ్రీలు. ఎల్‌ఈడీ లోపలి నుంచి అడుగుకు దిగడానికి వాటుకు రెండున్నర డిగ్రీల చొప్పున ఇంకో పదిహేడు. లైటు ఒళ్ళు చేతికి వెచ్చగా ఓ నలభై ఉందనుకుంటే మొత్తం 177. ఎక్స్‌ఎం-ఎల్ లోపల ఓర్చుకోగలిగింది 150. లెక్కలోనే చచ్చిపోయింది.

అదే ఎల్‌ఈడీ అడుగున నడుమ ఉండే దిమ్మె కింద అట్ట తీసేసి 2 మిల్లీమీటర్ల రాగి పెడితే? ఏడు వాట్లకు మూడు డిగ్రీలు కూడా లేదు. మూడెక్కడ, నూట ఇరవై ఎక్కడ. కరెంటు గీత రెండున్నర పెట్టాలా మూడు పెట్టాలా అని నేను పడిన మథనమంతా ఈ అంకెల ముందు వెలవెలబోయింది. అప్పటి నుంచి ఏ బోర్డు గీసినా మొదట కాగితం నడుమ వేడి దిగే చోటు నల్లగా నింపుతాను. ప్లస్సు మైనస్సులు మిగిలిన జాగాలో సర్దుకుంటాయి.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఎక్స్‌ఎం-ఎల్ చేసినవాళ్ళే నడుమ దిమ్మెను ప్లస్సుతో గానీ మైనస్సుతో గానీ సంబంధం లేకుండా వదిలారు. దాన్ని నేరుగా లోహానికి అతికించినా షార్టు కాదు. కరెంటుకు రెండు కాళ్ళు, వేడికి మూడోది. డబ్బు పెట్టి కొనే రాగి బోర్డుల్లో మేలైనవి ఇదే పద్ధతిలో చేస్తారు. చవక అల్యూమినియం బోర్డుల్లో రాగి గీతకూ అల్యూమినియానికీ మధ్య పలచటి పొర ఒకటి అడ్డం ఉంటుంది. అది గాజు అట్టంత మొండిది కాదు గానీ అడ్డం అడ్డమే. ఇంట్లో చేయాలంటే ఆ అడ్డం లేకుండా చేయడమెట్లా అన్నదే నా పని.

మొదట రాగి బిళ్ళ. పాత ప్యానెల్ బోర్డుల్లో బస్‌బార్ పట్టీలు ఉంటాయి, పాత సామాన్ల అంగట్లో తూకానికి దొరుకుతాయి. దాన్నుంచి 20 మిల్లీమీటర్ల బిళ్ళ కోసి మామకు ఇస్తే అద్దం మీద గరుకు కాగితం పరిచి, బిళ్ళను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి తిప్పి చదును చేస్తాడు. దానిమీద కూర్చోడానికి 0.8 మిల్లీమీటర్ల పలచటి బోర్డు. రెండు పక్కలా రాగి ఉన్నదే తీసుకోవాలి. పై పక్క గీతలకు, కింది పక్క బిళ్ళకు సోల్డరుతో అతుక్కోడానికి. నడుమ ఎల్‌ఈడీ దిమ్మె ఎంతో అంత కన్నం. చిన్న డ్రిల్లుతో మూడు నాలుగు రంధ్రాలు వేసి సూది ఆకురాయితో మూలలు తీయాలి. ఆ కన్నంలోకి సరిగ్గా అంతే మందం రాగి ముక్క. ముక్క ఎత్తూ బోర్డు ఎత్తూ ఒకటి కావాలి. కొలత పరికరాలు ఎన్ని ఉన్నా చివరికి మామ గోటితోనే తేలుస్తాడు. గోరు అంచు మీదుగా జరిపితే ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుంటే మళ్ళీ గరుకు కాగితం.

గీతలు వేయడానికి లేజర్ ప్రింటరు పొడి చాలు. ఎల్‌ఈడీ రాగి పక్కనే కూర్చుంటుంది కాబట్టి బొమ్మను ఎడమకుడిగా తిప్పి ప్రింటు తీయాలి. కాగితం పలచగా, నున్నగా ఉండాలి. వారపత్రికల రంగు పేజీ బంగారం. పైన సినిమాతార ముఖం, దానిమీద నా ప్లస్సు మైనస్సులు. రాగిని సబీనా పొడి వేసి పీచుతో తోమి, తుడిచి, ఇక వేలు తగలనివ్వకూడదు. చేతి జిడ్డు ఉన్న చోట పొడి పట్టదు. కాగితం బోర్లించి ఇస్త్రీపెట్టెతో నాలుగైదు నిమిషాలు నొక్కి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి బొటనవేలితో మెల్లగా రుద్దితే కాగితం ముద్దలుగా ఊడొస్తుంది, నల్లటి గీతలు రాగికి అంటుకుని మిగులుతాయి. రెండు గీతల సందులో కాగితపు పీచు ఇరుక్కుంటుంది. పాత పళ్ళ బ్రష్షుతో దాన్ని తీయకపోతే అక్కడ రాగి కరగదు, రెండు దారులు కలిసిపోతాయి. తెగిన గీత ఉంటే పర్మనెంటు మార్కరుతో దిద్దడమే. అడుగు పక్కకు ప్లాస్టిక్ టేపు అంటించాలి.

తర్వాత మందు. గడ్డలు నీళ్ళలో వేస్తే నీళ్ళు తమంతట తామే కాగుతాయి. అందుకే మందును నీళ్ళలోకి కొంచెం కొంచెంగా వేయాలి. పాత్ర ప్లాస్టిక్కే. అల్యూమినియం గిన్నె పనికిరాదు. ఫెర్రిక్ క్లోరైడుకు రాగి కన్నా అల్యూమినియం రుచి, పొగలు కక్కుతూ గిన్నెనే తింటుంది. స్టీలు సింకులో ఒలికినా మచ్చలు పడతాయి. బట్ట మీద పడితే ఆ పసుపు ఇక పోదు, నా పనిచొక్కా చూస్తే తెలుస్తుంది. చేతికి తొడుగు, తలుపులు తెరిచిన చోటు తప్పనిసరి. పళ్ళెం అటూ ఇటూ ఊపుతూ కూర్చుంటే రాగి మెరుపు పోయి గులాబీ రంగు మట్టి వన్నె వస్తుంది. అంచులు ముందు కరుగుతాయి, నడుమ ఆఖర్న. ఇరవై నిమిషాలకు అట్ట రంగు బయటపడి నల్ల గీతలు మాత్రం నిలుస్తాయి. ఎంత ఎక్కువసేపు ఉంచితే గీతల పక్కల నుంచి అంత కొరుకుతుంది, అందుకని కన్ను తిప్పకూడదు. నీళ్ళతో కడిగి, గోళ్ళరంగు తుడిచే ద్రవంతో నలుపు తీస్తే కింద పసిడి వన్నె రాగి.

మిగిలిన ఆ పచ్చటి మురికి నీళ్ళు మోరీలో పోసేవాళ్ళున్నారు. వద్దు. అందులో ఉన్నది కరిగిన రాగి. మా ఇంటి మోరీ నీళ్ళు చుట్టు తిరిగి ఏదో ఒక తోటలోకే పోతాయి. నేను చాకలి సోడా వేసి అడుగుకు దిగనిచ్చి, ఆ బురదను డబ్బాలో మూతపెట్టి, పాత బ్యాటరీలతో పాటు ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇస్తాను. కాకకు దారి చూడమన్న మామ ఈ నీళ్ళ దారి సంగతి కూడా అడిగాడు. అడగకపోతే ఆశ్చర్యపడాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అతికించడం. ఇస్త్రీపెట్టెను బోర్లా తిప్పి రెండు ఇటుకల మధ్య నిలబెడితే చదునైన పొయ్యి తయారు. నూలు బట్టల వేడి పెడితే రెండు వందల డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. తగరం 63, సీసం 37 పాళ్ళ సోల్డరు 183 దగ్గర కరుగుతుంది. బిళ్ళ, దానిమీద బోర్డు, కన్నంలో రాగి ముక్క, మూడు చోట్ల సోల్డరు పేస్టు పలచగా, పైన ఎల్‌ఈడీ. మొదట పేస్టు ఊరికే నానుతుంది, ఫ్లక్సు పొగ ఒక పాయ లేస్తుంది, బూడిదరంగు ముద్ద ముద్దగానే ఉంటుంది. ఇంకా కాలేదేమో అనుకుంటుండగా ఒక మూల నుంచి మెరుపు పాకుతుంది. ఒక్క క్షణం, అంతే. బూడిదరంగంతా వెండిరంగు. ఆ క్షణంలో వంకరగా పెట్టిన ఎల్‌ఈడీ తనే కదిలి, గిరుక్కున తిరిగి, గీతలకు సరిగ్గా నిలబడుతుంది. కరిగిన లోహం తలతన్యత దాన్ని లాగి కూర్చోబెడుతుంది. చిమటాతో మెల్లగా పక్కకు తోస్తే మళ్ళీ తన చోటికే వస్తుంది. పైనుంచి కొంచెం అదిమితే అంచుల్లోంచి చిన్న సోల్డరు బంతులు బయటికొస్తాయి, లోపల పలచటి పొర మిగులుతుంది. దారిలో ఆ పొర ఎంత పలచనైతే వేడికి అంత మంచిది. సీసం ఉన్న పని కాబట్టి చేతులు కడుక్కున్నాకే కాఫీ.

ఎల్‌ఈడీకి పోయే కరెంటును అదుపులో పెట్టే డ్రైవరు బోర్డు కథ వేరే. 17 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ళ, సెల్లు నెత్తిన కూర్చుంటుంది. మా బోటివాళ్ళం వాడేది ఏఎంసీ 7135 అనే చిన్న చిప్పు. ఒక్కొక్కటి 350 మిల్లీయాంపియర్లు, అంతకు పైన పోనివ్వదు. ఎనిమిది పక్కపక్కన పెడితే 2.8 యాంపియర్లు. సెల్లు నిండుగా 4.2 వోల్టులు ఉన్నప్పుడు ఎల్‌ఈడీకి అక్కర్లేని మిగులు వోల్టేజీనంతా ఈ చిప్పులే వేడి చేసి పారబోస్తాయి. అది రెండు వాట్లకు పైమాటే. చిప్పు రేకు గ్రౌండుకు కలిసి ఉంటుంది కాబట్టి గ్రౌండు గీతే దాని వేడికీ దారి. బోర్డు అంచున ఉంగరంలా గీసిన ఆ గ్రౌండును లైటు లోపలి ఇత్తడి గూటికి చుట్టూ సోల్డరు చేస్తాను. అటొక చుక్క ఇటొక చుక్క వేసి వదిలేసిన లైట్లు రిపేరుకు వస్తుంటాయి, కరెంటుకు ఆ రెండు చుక్కలు చాలు, వేడికి చాలవు. ఈ బోర్డు మీద ఏటీటైనీ మైక్రోకంట్రోలరు ఒకటి ఉంటుంది. చిన్నది 13ఏలో ప్రోగ్రాముకు జాగా ఒక్క కిలోబైటు. ఒక పోటు నొక్కితే ఒక్క చిప్పు, రెండోసారి నొక్కితే ఎనిమిదీ వెలిగేట్టు రాసుకోవడానికి అది ఎక్కువే.

ఇంత చేశాక వెయ్యి ల్యూమెన్లు వచ్చాయి. మామ లైటు చేతిలో పట్టుకుని కొబ్బరిచెట్టు మట్టల మీద కొట్టి చూసి, వెలుగు గురించి ఒక్క మాట అనకుండా, "తొందరగా కాగుతా ఉంది, మంచిదే" అన్నాడు. లోపలి వేడి ఒంటికి చేరిందంటే దారి సరిగా ఉన్నట్టు. చల్లగా ఉన్న లైటును చూసి మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు జాలి. పది వాట్ల లైటు ఒళ్ళు అయిదు నిమిషాలకు కూడా చల్లగా ఉందంటే వేడి లోపలే ఎల్‌ఈడీని కాల్చుకు తింటున్నదన్నమాట.

అయితే ఒంటికి చేరిన వేడి ఎక్కడికి పోవాలి? గాలిలోకి. ఇక్కడ రాగి ఏ సాయమూ చేయలేదు. లైటు అల్యూమినియం ఒళ్ళు 150 గ్రాములు. ఎల్‌ఈడీ ఏడు వాట్లు, డ్రైవరు రెండు, మొత్తం తొమ్మిది. ఆ లెక్కన పావు నిమిషానికి ఒక డిగ్రీ. పిడికిట్లో ఇమిడే ఒళ్ళు గాలికి ఇవ్వగలిగింది చాలా తక్కువ. ఎనిమిది నిమిషాలయ్యేసరికి దగ్గరదగ్గర ముప్ఫై డిగ్రీలు ఎక్కుతుంది. డిసెంబరు రాత్రి మా దిక్కున పదిహేను డిగ్రీల చలి కాబట్టి ఇంకొంచెంసేపు పట్టుకోవచ్చు. ఏప్రిల్ మధ్యాహ్నం అయితే జేబురుమాలు చుట్టుకోవాలి. ఒళ్ళు బరువు పెంచితే ఆలస్యమవుతుంది, పోదు. రెక్కలు పెంచితే కొంచెం పోతుంది. మొత్తానికి పిడికెడు లైటు పది వాట్లను గంటసేపు మోయలేదు, ఎంత రాగి పోసినా.

ఈ ముక్క మంచె మీద కూర్చునే మా అన్నకు, అదే మా పెద్దమ్మ కొడుక్కు, నా కన్నా ముందే తెలుసు, వాట్లు తెలియకుండానే. లైటు తీసుకుపోయి ఇస్తే వెలిగించి, చేను దాటి అడవి అంచు దాకా తెల్లబారడం చూసి సంతోషపడ్డాడు. వెంటనే ఆర్పేసి, "ఇది ఎంతసేపుంటాది?" అన్నాడు. గంట లోపే అన్నాను. "రాత్రి గంటేనా తమ్ముడా?" అన్నాడు. తర్వాత చిన్న పోటు చూపించాను, ఒక్క చిప్పుది. దాదాపు నూటయాభై ల్యూమెన్లు. 2,600 ఎంఏహెచ్ సెల్లు మీద ఏడు గంటలు దాటుతుంది, ఒళ్ళు వెచ్చబడినట్టు కూడా తెలియదు. "ఇది లైటు" అన్నాడు.

పెద్ద పోటు వద్దనలేదు. గుంపు వచ్చినప్పుడు ఎన్ని ఉన్నాయి, పిల్లలున్నాయా, ఏ దిక్కున ఉన్నాయి అని ఒక్కసారి చూసుకోడానికి కావాలన్నాడు. కళ్ళలోకి మాత్రం కొట్టరట. కొడితే కొన్ని తిరిగిపోతాయి, కొన్ని మీదికే వస్తాయి, ఏది ఎట్లాంటిదో ముందుగా తెలియదు. నేల మీదికి, కాళ్ళ దగ్గరికి వెలుగు వేసి ఆనవాలు పడతారు. లైటు ఏనుగును తరమడానికి కాదు, ఏనుగు ఎక్కడుందో మనిషికి తెలియడానికి అని అతని లెక్క. తరమాలని చూసేవాళ్ళు చివరికి తీగలకు కరెంటు ఇచ్చేదాకా పోతారని కూడా అన్నాడు. 2023 మార్చిలో పక్కన ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర అక్రమంగా వేసిన కరెంటు కంచె తగిలి మూడు ఏనుగులు చచ్చిపోయాయి. వాటితో ఉన్న రెండు గున్నలు బతికిపోయాయి. ఆ కబురు మంచెల మీద ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

వెయ్యికీ నూటయాభైకీ మధ్య ఇంకో చిత్రం ఉంది. అంకెల్లో దాదాపు ఏడు రెట్లు. కంటికి రెండింతలు కూడా అనిపించదు. కన్ను వెలుగును కూడికలతో కొలవదు. రెట్టింపని అనిపించాలంటే ఎనిమిది రెట్లు పోయాలి. ఏడు వాట్ల వేడితో కుస్తీ పట్టి, రాగి నరికి, వేళ్ళు పసుపు చేసుకుని మేము తెచ్చే వెలుగులో చాలా భాగాన్ని కన్ను లెక్కలోకే తీసుకోదు. ఇది తెలిసినా ల్యూమెన్ల పిచ్చి తగ్గలేదు, అది వేరే సంగతి. దూరం చూపడానికి మాత్రం ఆ రెట్లు కొంత పనికొస్తాయి. ఏడు రెట్ల వెలుగు రెండున్నర రెట్ల దూరం పోతుంది.

ఈ మధ్య డ్రైవరు మీద ఏటీటైనీ 85 పెట్టడం మొదలుపెట్టాను. దానిలోపలే వేడి కొలిచే గుణం ఉంది. ఒళ్ళు 55 డిగ్రీలు చేరితే పెద్ద పోటును తనే తగ్గించుకునేట్టు రాశాను. మామకు ఇది నచ్చలేదు. చెయ్యి కాలితే మనిషే ఆర్పుకుంటాడు, చెయ్యి కన్నా మంచి మీటరు ఏముంది అంటాడు. నా భయం వేరే. గుంపు ఎదురుగా ఉన్నప్పుడు లైటు ఉన్నట్టుండి తగ్గితే మంచె మీది మనిషి గుండె ఆగిపోతుంది. చేయి కాలినా ఆ క్షణాన ఆర్పడు, ఆర్పకూడదు కూడా. అందుకని ఒక్కసారిగా కాకుండా, నిమిషం పొడుగునా మెట్టు మెట్టుగా 2.8 నుంచి ఒక యాంపియరుకు దిగేట్టు పెట్టాను. కన్ను కూడికల లెక్క వేయదు కదా, దాని బద్ధకాన్ని వాడుకుందామని.

అన్నకు చెప్పకుండా ఇచ్చాను. గట్టు మీద నిలబడి చాలాసేపు అడవి అంచు మీద తిప్పాడు. నేను గడియారం చూస్తూ ఉన్నాను. తగ్గాల్సినంతా తగ్గిపోయింది. అతను మాట్లాడుతూనే ఉన్నాడు, అదిగో ఆ చింతచెట్టు దాకా పట్టపగలే అంటున్నాడు. అప్పుడు చెప్పాను, ఇప్పుడున్నది మొదటి వెలుగులో సగం కూడా లేదని.

ఆర్పి, వెలిగించి, మళ్ళీ ఆర్పి చూసుకున్నాడు.

"అట్లయితే మొదటినుంచే తగ్గించి పెట్టల్ల కదా తమ్ముడా" అన్నాడు. "బ్యాటరీ అన్నా మిగుల్తా ఉండె."